శిక్షల కూడిక: ఆదోని తాలూకా నుంచి ఒక పరిశీలన

చట్టం గురించి రాయటానికి నాకు అర్హత లేదు. తెలుగు ఎం.ఏ. చదివి, ఎమ్మిగనూరులో పిల్లలకు పద్యాలూ వ్యాకరణమూ చెప్పి బతుకుతున్నవాణ్ణి. అప్పుడప్పుడు కథల మీదా నవలల మీదా నాలుగు మాటలు రాస్తుంటాను. అయినా ఈ వ్యాసం రాయక తప్పలేదు. కారణం ఒక తీర్పు నకలు. దాన్ని నేను తప్పుగా చదివాను.

2014 నాటి సంగతి. ఒక సాయంత్రం బడి వదిలే వేళకు మా తొమ్మిదో తరగతి అమ్మాయి తల్లి వచ్చి వేపచెట్టు కింద నిలబడింది. ఎరుకల మనిషి. ఈతబరిగెలతో గంపలు అల్లి సంతలో అమ్ముకుంటుంది. కొంగుముడిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితాలు తీసి, "మా ఇంటాయనకు ఎన్నేండ్లు ఏసినారో సదివి సెప్పండి సారూ" అంది. ఆదోనిలో ఒక జిన్నింగు షెడ్డు తాళం రాత్రిపూట పగలగొట్టి మోటారు రాగితీగ ఎత్తుకుపోయారన్న కేసు. కాగితాలన్నీ ఇంగ్లీషు. చివరి పేజీ చూశాను. రాత్రివేళ చొరబడినందుకు 457వ సెక్షను కింద రెండేళ్లు, దొంగతనానికి 380వ సెక్షను కింద ఒక ఏడాది. "రెండేండ్లమ్మా" అన్నాను. పత్రికల్లో కోర్టు వార్త ఏ రోజు చదివినా చివర శిక్షలు ఏకకాలంలో అమలవుతాయనే వుంటుంది కదా! ఆ మాట ఈ కాగితంలోనూ వున్నట్టే నా కళ్లకు తోచింది. నిజానికి అక్కడ ఆ మాట లేదు.

నాలుగు నెలల తర్వాత ఆమె మళ్లీ వచ్చింది. జైలుకు పోయి మొగుణ్ణి చూసి వచ్చిందట. "మీరు రెండంటిరి గదా సారూ, లోపల మూడంటాండారు" అంది. రెండేళ్ల లెక్క నమ్ముకుని పెద్దకూతురి పెళ్లికి మగపెళ్లివారికి మాట ఇచ్చేసింది. మేజిస్ట్రేటు తీర్పు మీద సెషన్సు కోర్టుకు అప్పీలు చేసుకునే గడువు 30 రోజులు. నా చదువు ఆ గడువును దాటించింది. గడువు దాటినా కారణం చూపి అడగవచ్చునని తర్వాత ఆదోనిలో ఒక ప్లీడరు చెప్పాడు. కారణమని ఏం రాయాలి? తెలుగు పంతులు తప్పు చదివాడనా?

ఆ ప్లీడరే పుస్తకం తెరిచి చూపించాడు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు, 31వ సెక్షను. ఒకే విచారణలో ఒక మనిషి రెండు మూడు నేరాలకు దోషిగా తేలితే, ఆ జైలుశిక్షలు ఒకటి ముగిశాక మరొకటి మొదలుకావాలి. ఏకకాలంలో నడవాలని కోర్టు చెప్పినప్పుడు మాత్రమే కలిసి నడుస్తాయి. అంటే కూడిక నియమం, ఏకకాలం మినహాయింపు అన్నమాట. మేజిస్ట్రేటు ఏమీ అనకుండా వూరుకుంటే ఆ మౌనం కూడిక కిందే జమ అవుతుంది. ఇది స్వతంత్ర భారతంలో పుట్టిన నియమం కూడా కాదు. 1898 నాటి బ్రిటిషు కోడులో 35వ సెక్షనుగా వున్నదే అంకె మార్చుకుని 1974 ఏప్రిల్ 1న మళ్లీ అమల్లోకి వచ్చింది. కావ్యంలో చెప్పకుండా వదిలినదాన్ని పట్టుకోవటమే విమర్శకుడి పని అని నేను ఏళ్ల తరబడి పిల్లలకు చెబుతున్నాను. నాలుగు పేజీల తీర్పులో చెప్పకుండా వదిలినదాన్ని పట్టుకోలేకపోయాను.

కూడికకు చట్టం హద్దులు పెట్టకపోలేదు. ఒక విచారణలో పడిన శిక్షల మొత్తం 14 ఏళ్లు దాటరాదు. ఒక నేరానికి ఆ కోర్టు వేయగల శిక్షకు రెట్టింపు కూడా దాటరాదు. మొదటి తరగతి మేజిస్ట్రేటు మూడేళ్ల దాకా వేయగలడు కాబట్టి, ఒక విచారణలో ఎన్ని నేరాలు రుజువైనా ఆయన చేతిలో ఆరేళ్లే. 14 అన్న అంకె మనవాళ్లకు రాముడి వనవాసం నుంచీ అలవాటు గనుక యావజ్జీవమంటే 14 ఏళ్లేనని ఊళ్లలో స్థిరపడింది గానీ అది వేరే లెక్క. 1978లో చేర్చిన 433-ఎ సెక్షను కొన్ని యావజ్జీవ ఖైదుల్లో 14 ఏళ్ల లోపు విడుదల కూడదన్నది. 14 ఏళ్లకు విడిచిపెట్టాలని అనలేదు.

ఈ హద్దు వెనుక వున్న ఆలోచనకు మూలం శిక్షాస్మృతిలో వుంది. మెకాలే నాయకత్వంలో 1837లో ముసాయిదా సిద్ధమై, 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమలైన ఇండియన్ పీనల్ కోడులో 71వ సెక్షను. దాని కింద ఒక ఉదాహరణ వుంది. సాహిత్య విద్యార్థులు తప్పకుండా చూడవలసిన ఉదాహరణ అది. 'ఎ' అనే మనిషి 'జెడ్' అనే మనిషిని కర్రతో 50 దెబ్బలు కొట్టాడు. ఒక్కో దెబ్బా ఒక్కో నేరమనుకుంటే, దెబ్బకు ఏడాది చొప్పున 50 ఏళ్లు జైల్లో వుండాలి. అలా లెక్కించకూడదు, మొత్తం కొట్టటానికంతటికీ ఒకే శిక్ష అంటుంది చట్టం. వెంటనే ఇంకొక మెలిక పెడుతుంది. కొడుతుండగా 'వై' అడ్డం వచ్చాడు, 'ఎ' కావాలనే అతన్నీ ఒకటి కొట్టాడు. ఆ దెబ్బ మొదటి కొట్టటంలో భాగం కాదు గనుక దానికి వేరే శిక్ష.

ముగ్గురు పాత్రలు, ఒక కర్ర. ఒక క్రియ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్న ప్రశ్నను ఇంత పొదుపుగా వేసిన కథకులు మనలో ఎందరున్నారు? అయితే ఈ కథలో 'ఎ' కు ఊరు లేదు, కులం లేదు, ఆకలి లేదు. చట్టం ముందు అందరూ సమానమని చెప్పదలచిన కథకు అది అవసరమే. ఆ 'ఎ' ను ఆదోని తాలూకాలోకి తీసుకువస్తే ఏమయిందన్నదే నేను చెప్పదలచుకున్న చరిత్ర.

ఆదోని 1800లో నిజాం ఇచ్చిన దత్తమండలాలతో పాటు కంపెనీ చేతికి వచ్చింది. 1807 దాకా థామస్ మన్రో ప్రధాన కలెక్టరు. 1808లో దత్తమండలాలను బళ్లారి, కడప జిల్లాలుగా విభజించినప్పుడు ఆదోని బళ్లారిలో చేరింది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారిలోనే వుంది. మన్రో పేరు మా సీమలో నేటికీ ఆదరంగానే చెప్పుకుంటారు. ఆయన మళ్లీ వచ్చి రూపొందించిన 1816 నాటి మద్రాసు రెగ్యులేషన్లలో 11వది గ్రామ పోలీసుకు సంబంధించింది. చిన్న తిట్టుకు, చిన్న కొట్లాటకు గ్రామపెద్ద మనిషిని చావడిలో 12 గంటల దాకా కూర్చోబెట్టవచ్చు. తప్పు చేసినవాడు 'తక్కువ కులం' వాడైతే బొండలో కాళ్లు బిగించి 6 గంటల దాకా వుంచవచ్చు. అలాంటి అవమానం ఎవరికి తగునో వారికేనని రెగ్యులేషను జాగ్రత్తపడింది. ఒకే తప్పుకు ఒకరికి చావడి, ఒకరికి బొండకొయ్య. మెకాలే ముసాయిదాకు రెండు దశాబ్దాల ముందే మద్రాసు తన సొంత చట్టంతో 'ఎ' కు కులం ఇచ్చేసింది.

బొండ గంటల లెక్క. ఏళ్ల లెక్క రైలుతో వచ్చింది.

కొరవలు, కొరచలు, ఎరుకలు అని ఒక్కోచోట ఒక్కో పేరుతో పిలిచిన ఈ జనం, మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన తన పుస్తకంలో వివరంగా చూపించినట్టు, ఒకప్పుడు వర్తకులు. కోస్తా నుంచి ఉప్పును ఎద్దుల మీదా గాడిదల మీదా మోసుకుని లోపలి జిల్లాలకు వచ్చేవారు, ఇక్కణ్ణుంచి ధాన్యం తీసుకుపోయేవారు. దారిలో గంపలూ చాపలూ అల్లి అమ్మేవారు. ఉప్పు మీద ప్రభుత్వ పెత్తనం బిగుసుకుంది. అడవిలో మేపు, వెదురు నిషిద్ధమయ్యాయి. రైలు వచ్చింది. మద్రాసు నుంచి రాయచూరు పోయే దారి ఆదోని మీదుగా 1871లో పూర్తయింది. అదే ఏడాది ఉత్తర భారతంలో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం పుట్టింది. రెండింటికీ నేరుగా ముడి లేదు. కానీ రైలు ఉప్పును మోసుకుపోయిన దారిలో ఆ చట్టం కూడా 40 ఏళ్ల తర్వాత మా దాకా వచ్చింది.

మధ్యలో ధాత కరువు. 1876-78 మధ్య బళ్లారి, కర్నూలు జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ మాడినవాటిలో వున్నాయి. ధాన్యపు బండ్ల మీద, కొట్ల మీద జనం పడ్డారు. 1877లో రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగవాడి రోజుకూలిని ఒక పౌను ధాన్యానికీ కొద్దిపాటి చిల్లరకూ తగ్గించినప్పుడు, మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ ఆ తిండితో పని చేసే మనిషి బతకడని గట్టిగా వాదించాడు. జైల్లో పెట్టే తిండి అంతకంటే మెరుగు. ఇక ఎద్దులే ఆస్తి అయినవాళ్ల సంగతి చెప్పేదేముంది? ఎద్దులు చచ్చిపోయాక వర్తకం చేయటానికి మనుషులే మిగిలారు.

తర్వాతి తరం పోలీసు పుస్తకాల్లో వాళ్లు వర్తకులుగా కనిపించరు. 1892లో ముల్లాలీ అనే పోలీసు అధికారి మద్రాసు రాజధానిలోని 'నేరస్థ తరగతుల' మీద రాసిన పుస్తకం, 1909లో థర్‌స్టన్ ఏడు సంపుటాల్లో వెలువరించిన కులాల గ్రంథం కలిపి చదివితే ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. రెండోది మొదటిదాని నుంచి చాలా ఎత్తుకుంది. పోలీసు డైరీ శాస్త్రగ్రంథమయింది. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు 'దొంగ దాసరుల' ముఖ్యస్థానాలని అందులో రాశారు. పాపారావు నాయుడు అనే మన తెలుగు రైల్వే పోలీసు అధికారి కూడా రైలు దొంగల మీద, ఎరుకల మీద పుస్తకాలు రాశాడు. కులం పేరుకు ముందు 'దొంగ' అన్న విశేషణం చేరి ఉద్యోగం చేయటం మొదలుపెట్టింది.

ఇక్కడ సాహిత్యం చదువుకున్నవాళ్లం ఒక క్షణం ఆగాలి. ఈ ఎరుకలసానే కదా మన కురవంజుల్లో సింగి? సోది చెప్పటానికి సాక్షాత్తూ వేంకటేశ్వరుడు ఎరుకలసాని వేషం కట్టి ఆకాశరాజు అంతఃపురంలోకి పోయాడని కథ. గంప చంకన పెట్టుకుని వచ్చే ఆ పాత్రకు యక్షగానం రాసినవారంతా రాణివాసం తలుపులు తెరిచారు. పోలీసు స్టేషను రిజిస్టరు తెరుచుకున్నప్పుడు ఆ సింగి ఎక్కడికి పోయిందని మన సాహిత్య చరిత్రకారులెవరూ అడిగినట్టు నాకు కనబడలేదు. కురవంజి ఉత్పత్తిని గురించి పేజీలు రాశాము, సింగడి మీద పడిన కేసుల గురించి ఒక్క పేరా రాయలేదు. ఈ మాట నన్ను నేను అనుకుంటున్నది కూడా.

ఇప్పుడు లెక్కకు వద్దాం. 50 దెబ్బలకు 50 ఏళ్లు కూడదన్న శిక్షాస్మృతిలోనే నాలుగు సెక్షన్ల తర్వాత 75వది వుంది. ఆస్తి నేరాల్లో లోగడ శిక్ష పడి, అనుభవించి వచ్చినవాడు మళ్లీ అలాంటి నేరమే చేస్తే యావజ్జీవం గానీ పదేళ్ల దాకా గానీ వేయవచ్చునంటుంది. తీరిపోయిన బాకీని మళ్లీ పద్దులోకి ఎక్కించటం ఇది. అయినా ఇందులో 'వేయవచ్చు' అన్న మాట వుంది, జడ్జీకి చోటు వుంది. 1911లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని మద్రాసుకు వర్తింపజేశారు, 1924లో మళ్లీ క్రోడీకరించారు. అందులో 23వ సెక్షను ఆ చోటును కూడా బాగా కుదించింది. ప్రకటించిన తెగలో సభ్యుడు జాబితాలోని నేరానికి రెండోసారి దోషి అయితే 7 ఏళ్లకు తగ్గకుండా జైలు, మూడోసారి అయితే జీవితాంతం ద్వీపాంతరవాసం. ప్రత్యేక కారణాలు రాసి చూపితే తప్ప కోర్టు తగ్గించటానికి లేదు. పక్క సెక్షను ఇంకొక అడుగు వేసింది. దొంగతనానికి పొంచి వున్నట్టు తోచిన చోట అతను కనబడితే చాలు, మూడేళ్ల దాకా.

ఈ రెండు చట్టాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఆదోని బజారులో ఒకే రాత్రి ఇద్దరు ఒకే దుకాణం గోడకు కన్నం వేశారనుకుందాం. ఒకడు ఏ కులమో ఏమో, 'ఎ' అనే మనిషి. రెండోవాడు రిజిస్టరులో వేలిముద్ర పడినవాడు. మొదటివాడికి చట్టం అడుగుతుంది, నీ చర్య ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందని. రెండోవాడి చర్య పుట్టుకతో మొదలయింది, అది ముగియదు. కూడికకు 14 ఏళ్ల హద్దు కట్టిన ప్రభుత్వమే, హద్దు అవసరం లేని మనుషుల జాబితా ఒకటి విడిగా రాసుకుంది. జైల్లో లేనప్పుడు కూడా రాత్రిళ్లు హాజరు చెప్పాలి, ఊరు దాటితే చీటీ తీసుకోవాలి. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టూవర్టుపురం పేరు సినిమాల వల్ల అందరికీ తెలుసు. 2022 దాకా మా జిల్లాలోనే వున్న ఆత్మకూరు వైపు సిద్ధాపురంలో ఇలాంటి సెటిల్మెంటు వుండేదని నేను పాఠం చెప్పే పిల్లలకే తెలియదు.

'కేడీ' అన్న మాట సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బడిలో అల్లరి పిల్లవాణ్ణి మనం కేడీ అంటాం. 1978లో రామారావుగారి సినిమాకు ఆ పేరే పెట్టారు. మద్రాసు పోలీసు రికార్డుల్లో 'ఎరిగిన దోపిడీదారు' అన్న అర్థమిచ్చే రెండు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలవి. కేడీ షీటు తెరిస్తే కానిస్టేబులు రాత్రిపూట వచ్చి తలుపు తట్టి మనిషి ఇంట్లో వున్నాడో లేదో చూసుకుంటాడు. ఒక పాలనాపద్ధతి మొత్తం మన భాషలో ముద్దుమాటగా కరిగిపోయింది. నిఘంటువులు తయారుచేసేవారు గమనించాలి.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది, 1947లో, మద్రాసు ఈ చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. కొరడా శిక్ష 1955లో పోయింది, అదే ఏడాది ద్వీపాంతరవాసం అన్న మాట తీసి యావజ్జీవ కారాగారం అని మార్చారు. కానీ మద్రాసు 1948లోనే అలవాటు నేరస్థుల మీద ఆంక్షల చట్టం ఒకటి చేసుకుంది. ఆంధ్రప్రదేశ్ 1962లో తన అలవాటు నేరస్థుల చట్టం చేసింది. పుట్టుక పోయి అలవాటు వచ్చింది. న్యాయంగా చెప్పాలంటే ఇది చిన్న మార్పు కాదు. తెగను వదిలి మనిషిని చూడటం ముందడుగే. అయితే అప్పటికి ఎవరి పేరున ఎన్ని శిక్షలు రాసి వున్నాయి? గత 40 ఏళ్లు ఒక కులాన్ని పట్టుకుని శిక్షలు వేసి, ఇకమీదట కులం చూడం, పాత శిక్షల సంఖ్య మాత్రమే చూస్తాం అంటే, ఆ సంఖ్యలోనే కులం వుంది. 2024 అక్టోబరులో జైళ్లలో కులవివక్ష మీద తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు జైలు నిబంధనల్లో మిగిలిపోయిన ఇలాంటి రాతలను కొట్టివేసింది. అలవాటు నేరస్థుల చట్టాలు అసలు అవసరమా అన్నది ప్రభుత్వాలు తేల్చుకోవాలని కూడా అన్నది. రద్దు జరిగిన 72 ఏళ్లకు!

సాహిత్యం ఏం చేసిందన్న ప్రశ్న మనకు మనం వేసుకోవాలి. కోర్టును లోపలినుంచి చూసి రాసిన రావిశాస్త్రిగారు మనకున్నారు. "ఆరు సారా కథలు" మద్యనిషేధ చట్టం పేదవాళ్ల మీద ఎలా నడిచిందో చూపించినంతగా ఏ చరిత్ర గ్రంథమూ చూపించలేదని నా అభిప్రాయం. ఆయన ప్లీడరు గనుక చట్టాన్ని ధర్మపన్నంగా కాక రోజువారీ వ్యాపారంగా చూశారు. మా సీమ కథకు ఆ అదృష్టం పట్టలేదు. మా కథల్లో జైలంటే కక్షలవాడు పోయి మీసం పెంచుకుని తిరిగివచ్చే చోటు. హత్యలకు పోయినవాడికి పేరుంది, పౌరుషముంది, పగ తీర్చుకోవలసిన కొడుకున్నాడు. రాగితీగ దొంగిలించినవాడికి పేరు కూడా వుండదు, 'దొంగనాయాలు' అని ఒక వాక్యంలో వచ్చి పోతాడు. నేనే కక్షల కథల మీద రెండు వ్యాసాలు రాశాను. వాటిలో చిల్లర దొంగ ఒక్కచోటా లేడు. లేడని కూడా నేను గమనించలేదు.

శిక్షల లెక్కలో చూస్తే ఈ తేడా ఇంకా బాగా కనబడుతుంది. కక్షల కేసు ఒక విచారణగా నడుస్తుంది. హత్య, ఆయుధాలు, గుంపుగా చేరటం, బాంబులు, ఎన్ని సెక్షన్లున్నా ఒక తీర్పు. చాలావరకు అన్నీ ఏకకాలంలోనే. పైగా 2016 జూలైలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, మనిషికి ఒకటే జీవితం గనుక రెండు యావజ్జీవాలు ఒకదాని తర్వాత ఒకటి నడవవని తేల్చింది. సరైన తీర్పే. కానీ చిల్లర దొంగ సంగతి వేరు. అతన్ని పట్టుకున్న రోజున దొరికిన సొత్తును బట్టి, వేరువేరు రాత్రుల తాళాలకు వేరువేరు కేసులు పెడతారు. వేరువేరు విచారణలు, వేరువేరు తీర్పులు. 14 ఏళ్ల హద్దు ఒక విచారణకే గాని మనిషికి కాదు. విచారణలు వేరైనప్పుడు 1973 కోడులో 427వ సెక్షను వర్తిస్తుంది. మొదటి శిక్ష ముగిశాక రెండోది. మళ్లీ అదే మౌనం, అదే కూడిక. ఈసారి పై హద్దు కూడా లేదు.

ఇది ఊహ కాదు. ఉత్తరప్రదేశ్‌లో ఒక మనిషి మీద విద్యుత్ సామగ్రి దొంగతనం కేసులు తొమ్మిది. కేసుకు రెండేళ్లు. ఏకకాలమన్న మాట కింది కోర్టు అనలేదు. మొత్తం 18 ఏళ్లు! హత్య చేసినవాడు బయటికి వచ్చేసరికి కూడా ఇతను లోపలే వుండవలసిన లెక్క. హైకోర్టు కూడా తన చేతిలో లేదన్నది. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని శిక్షలన్నీ ఏకకాలంలో నడవాలని చెప్పి అతన్ని విడిపించింది. వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించినంతవరకు చిన్న కేసంటూ వుండదని ఆ తీర్పు సారాంశం. తొమ్మిది రాత్రుల తీగను తూచి చూస్తే 'ఎ' కొట్టిన 50 దెబ్బలే గుర్తుకు వస్తాయి. ఏ రాత్రికి ఆ రాత్రి వేరన్నది చట్టంలో నిజమే. ఆకలి మాత్రం ఒకటే లావాదేవీ.

2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. 50 దెబ్బల కథ భారతీయ న్యాయ సంహితలో 9వ సెక్షను కింద అలాగే వుంది. పాత శిక్షను మళ్లీ లెక్కించే 75వది 13వదిగా వుంది. శిక్షల కూడిక నాగరిక సురక్షా సంహితలో 25వ సెక్షను. ఇందులో రెండు మార్పులు జరిగాయి. నేరాల తీవ్రతను బట్టి శిక్షలు ఏకకాలమో, ఒకదాని తర్వాత ఒకటో కోర్టే చెప్పాలన్నారు. అంటే మౌనానికి చోటు తగ్గింది. నా వంటి పాఠకుడికి ఇది మేలు. రెండో మార్పు, 14 ఏళ్ల పై హద్దు 20 అయింది. దీని మీద ఊళ్లో చర్చ కాదు గదా, చదువుకున్నవాళ్లలో కూడా మాట వినబడలేదు. కొత్త పేర్లు సంస్కృతంలో వున్నాయా హిందీలో వున్నాయా అని వాదించుకున్నాం, అంకె ఆరేళ్లు పెరిగిన సంగతి దాటిపోయింది. విచారణలు వేరైనప్పటి నియమం మాత్రం 467వ సెక్షనుగా పాత పద్ధతిలోనే వుంది. తొమ్మిది తాళాల మనిషికి కొత్త పుస్తకంలోనూ పెద్దగా మారలేదు.

ఆ పెళ్లి ఆగలేదు. మగపెళ్లివారు ఇంకో ఏడాది ఆగలేమన్నారు. నన్నూ పిలిచారు, పోయాను. తండ్రి నిలబడవలసిన చోట మేనమామ నిలబడ్డాడు. మా తొమ్మిదో తరగతి అమ్మాయి, అప్పటికి పదో తరగతి దాటింది, పందిట్లో మంచినీళ్లు అందిస్తూ తిరుగుతున్నది. నేను చేసిన పొరపాటు ఆ ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తలేదు. భోజనాలయ్యాక చెయ్యి కడుక్కుంటుంటే ఎమ్మిగనూరు పాతపేట వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన దగ్గరికి వచ్చి, బనీను లోపలి జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. చెమటకు తడిసి మడతల దగ్గర చిరిగివుంది. "మా సిన్నోనిది. ఇది గూడా రవ్వంత సూడండి సారూ" అన్నాడు.

చేతులు తుడుచుకుని, చివరి పేజీ నుంచి మొదలుపెట్టాను.